ఏ చెయ్యి?

రాత్రి రెండుంబావు.
అఫ్జల్‌గంజ్ వైపు కిటికీ తెరిచే ఉంది.
లిఫ్టు చెడిపోయి మూడు వారాలు,
నెత్తురు మెట్లు దిగి వస్తుంది నా దగ్గరికి
ఐలయ్య పిడికిట్లో, ఇంకా గోరువెచ్చగా.

గొట్టం మీద వంకర రాత:
తుల్జారాం, యాభై రెండు, మూడో థియేటర్.

యంత్రం గుటక వేసింది. కాసేపు గొణిగింది.
హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఒకటి.
పొటాషియం రెండుకి కింద.
కాల్షియం సగం. చక్కెర సగం.
క్లోరైడ్ మాత్రం నూట ముప్పై,
అందరూ చిక్కిపోయిన ఇంట్లో
ఒక్కడే బలిసినట్టు.

పైనుంచి ఫోను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, నుస్రత్.
"అంకె చెప్పండి, తొందరగా,
తమ్ముణ్ణి బ్లడ్ బ్యాంకుకి పంపేశాం."

అంకె నాలుక చివరే ఉంది.
మింగాను.
నెత్తురు పోతే నెత్తురు పోతుంది గానీ
పొటాషియం, కాల్షియం, చక్కెర
మాట్లాడుకున్నట్టు కలిసి సగానికి దిగవు.

"ఏ చెయ్యి?" అన్నాను.
"ఏంటి?"
"ఏ చేతిలోంచి తీశారమ్మా?"
వెనక ఎవరో కత్తెర అడుగుతున్నారు.
"ఎడమ."
"సెలైన్ ఏ చేతికి ఎక్కుతోంది?"

ఫోన్లో సక్షన్ గొట్టం చప్పుడు.
చాలాసేపు అదొక్కటే.

ఆ పిల్లని ఏమనను?
పచ్చగుడ్డల కింద మనిషి మొత్తం మాయమయ్యాడు.
కుడివైపు ఇద్దరు సర్జన్లు ఆనుకుని నిలబడ్డారు.
బయటికి మిగిలింది ఒక ఎడమ చెయ్యి,
దాన్నే అడిగింది.

గండిపేట దగ్గర ముంచిన చెంబూ
చాదర్‌ఘాట్ దగ్గర ముంచిన చెంబూ
మూసీ అనే చెబుతాయి పేరు.
దేన్ని తాగుతారో మీరే చెప్పండి.

మళ్ళీ మెట్లు. మళ్ళీ ఐలయ్య, ఈసారి రొప్పుతూ.
కుడి మణికట్టు ధమని,
ఆ పిల్ల గుడ్డల కింద దూరి
వేళ్ళతో వెతికి పట్టుకున్న నాడి.
గొట్టంలో ఎరుపు ఎరుపుగానే ఉంది.
హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ ఏడు.
పొటాషియం మూడు పాయింట్ తొమ్మిది.
ఉప్పు తన చోటికి వచ్చి కూర్చుంది.

సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది,
ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది.

కొత్తగా చేరిన ఏడు, ఇలాంటి రాత్రే,
ఒకామె చక్కెర ఆరువందలు చూపించింది.
నేను అడగలేదు.
పైన గ్లూకోజు సీసా ఏ చేతికి వేలాడుతోందో,
సూది ఏ చేతిలో దిగిందో.
రాశాను, పంపాను. వాళ్ళు ఇన్సులిన్ ఇచ్చారు.
ఆ రిపోర్టు ఈరోజు తీసినా
తప్పు పట్టలేరు ఎవరూ.
ఆ చుక్క గురించి యంత్రం నిజమే చెప్పింది.
ఆ చుక్క ఆమె కాదు, అంతే.
తెల్లారాక ఆ పేరు మీద ఇంకో గొట్టం రాలేదు.

రిజిస్టరులో మొదటి వరుస కొట్టేశాను
ఒకే గీత, కింద అంకెలు కనపడేలా.
పక్కన రాశాను: ఎడమ.

నాలుగు కావస్తుంటే తమ్ముడొచ్చాడు,
రెండు సీసాల ఐసుడబ్బా పొట్టకి హత్తుకుని.
జియాగూడ మండిలో అన్నకి సాయం ఉంటాడట.
"మా అన్న తరాజు ముందల నిలబడితే మేడం,
ఎవ్వని బొటనేలు పళ్ళేనికి ఆనుతున్నదో
గొర్రెను జూడకుంటనే జెప్తడు."

నెత్తురు ఇప్పుడే అక్కర్లేదని చెప్పాను.
నమ్మనట్టు చూశాడు.
అర్ధరాత్రి ఊరంతా ఉరికి తెచ్చింది
వద్దంటే సంతోషించాల్నో, ఏం జెయ్యాల్నో.

"వీటికి బదులు నేను గూడ ఇచ్చి వచ్చిన" అన్నాడు.
"ఏ చెయ్యి?"
అలవాటు, నోరు జారింది.

డబ్బా కింద పెట్టి
రెండు చేతులూ చాపి చూసుకున్నాడు,
గుర్తు రానట్టు.